మీనాక్షమ్మ తిరగేసిన మాదిరిగుడ్డ

మీనాక్షమ్మకు ఎవురి మీదా నమ్మకం లేదు. పాలు పోసేవాడు చెంబు వంచితే, ఆ పాలల్లో వేలు ముంచి చూసేది. కూరగాయలామె "వంకాయలు లేతవమ్మా" అంటే, "అంత లేతవైతే నువ్వే వండుకోక నాకెందుకు తెస్తివి?" అనేది. గుళ్ళో అయ్యవారు తీర్థమిస్తే కూడా ముందు వాసన చూసి తాగిందని ఆమె వెనక జనం చెప్పుకోని నవ్వుకునేవాళ్ళు. అది అబద్ధం. వాసన చూసింది నిజమే గానీ, తాగలేదు.

ఊరికే వచ్చిన గుణం కాదు లెండి అది. ఆమె మొగుడు సుందరరాజులుకు గుడియాత్తం బజారులో జవుళి అంగడి ఉండేది. ఎవురేం చెప్పినా తలూపే మనిషి. ఆయన జ్వరంతో పోయినాక, మరిది శేషాచలం వచ్చి కండ్లనీళ్ళు పెట్టుకోని, "నా పానం ఉన్నంతవరకు అంగడి మీద అన్న పేరు అట్నే ఉంటాది వదినా" అనినాడు. మొదటి మాసికం అయిందో లేదో బోర్డు మారిపోయింది. శేషాచలం జవుళి అని కొత్త రంగుతో రాయించుకున్నాడు, అదీ అరవంలో. ఏమప్పా ఇది అంటే, "కాలం మారింది గదా వదినా" అనె. ఆ పొద్దు మీనాక్షమ్మ గడప మీద కూర్చోని ఏడ్చిన ఏడుపుకు ఇరుగుపొరుగు బెదిరిపోయినారు. ఏడుపంతా అయినాక మొగం కడుక్కోని, ఇంక ఈ జన్మకు ఎవురి మాటా నమ్మేది లేదని తీర్మానం చేసుకునింది.

చిన్నప్పుడు వేలూరులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటా నేర్చుకున్న కుట్టుపనే ఆమెకు అన్నం పెట్టింది. మధ్యాన్నం పూట ఇంటి ముందర వసారాలో చాప పరిచి, బజారువీధి ఆడపిల్లలకు సూదిపని నేర్పేది. పరుగు కుట్టుతో మొదలుపెట్టి గొలుసు కుట్టు, కాడ కుట్టు, కాజా కుట్టు, ముడి కుట్టు దాకా. అన్నీ వచ్చినాక పిల్ల ఒక మాదిరిగుడ్డ కుట్టాల. మూరెడు తెల్లగుడ్డ మీద, నేర్చిన కుట్లన్నీ వరసగా ఒకదాని కింద ఒకటి వేసి, అడుగున పూలతీగ తీసి, అంచు మడిచి కుట్టాల. పిల్లకు ఏమొచ్చునో ఏం రాదో ఆ గుడ్డ చూస్తే చాలు.

ఆ గుడ్డను మీనాక్షమ్మ ముందువైపు చూసేదే కాదు. చేతికి రాంగానే తిరగేసేది. "ముందువైపు ఊరికోసరం, వెనకవైపు నాకోసరం" అనేది. ముడి యాడ దాచినారు, దారం యాడ దాటించినారు, యాడ మోసం చేసినారు, అన్నీ వెనకనే గదా తెలిసేది.

వసారాలో ఒక శాసనం ఉండేది. సూది కుడిచేత్తోనే పట్టాల. ఆమె దగ్గిర నేర్చుకునే పిల్లలు కుట్టిన గుడ్డలు పెండ్లి తట్టల మీద కప్పుతారు, దేవుడి పటాల ముందర కడతారు. ఎడంచేత్తో అంగట్లో చిల్లర ఇస్తేనే మొగం మీద కొట్టినట్టు చూసే వీధి అది. ఆ వీధిలో పుర్రచెయ్యి బిడ్డ పుడితే, ఆ చేతికి గుడ్డ చుట్టి కట్టి, మాటిమాటికీ వాతలు పెడతామని బెదిరించి మాన్పించేవాళ్ళు. కొత్త పిల్ల ఎవురొచ్చినా మీనాక్షమ్మ మొదటి మాట ఇదే. "పుర్రచెయ్యి పిల్లయితే ఇప్పుడే చెప్పి లేచిపో. తరవాత తెలిసిందంటే గొంతు పట్టి మెట్లు దింపుతా."

ఆంధ్రా వేరే రాష్ట్రమైన మరుసటేడు జరిగింది ఇది. చిత్తూరు ఆ పక్కం పోయింది, గుడియాత్తం ఈ అరవ పక్కం నిలిచింది. ఇంట్లో తెలుగు, బజారులో అరవం మాట్లాడుకుంటా తరతరాలు బతికిన జనం ఉన్నట్టుండి ఒకరి మొగం ఒకరు అనుమానంగా చూసుకోను మొదలుపెట్టినారు. "మీరు ఈడనే ఉంటారా, చిత్తూరు పోతారా?" అని కూరగాయలామె అడిగితే, ఇది ఊరికే అడిగిందా, ఎవురైనా అడిగించినారా అని మీనాక్షమ్మ వంట మానేసి ఆలోచించేది. ఒక రకంగా ఆమెకు అది పండగ కాలం. ఊరు ఊరంతా తన దోవకొచ్చిండాది మరి!

ఆ ఏడే వేలూరులో కుట్టు టీచర్ల శిక్షణకు ఆడపిల్లల్ని చేర్చుకుంటామనినారు. ఉండను చోటు, తిండి, చదువు అయినాక ఏదో ఒక పళ్ళికూటంలో టీచరు ఉద్యోగం. కుట్టు నేర్పిన టీచరే పిల్లల్ని వెంటబెట్టుకోని పోవాల. మాదిరిగుడ్డ ముందర పెట్టి, ఇది ఈ పిల్ల సొంతచేతి పని అని అందరి ముందర మాటియ్యాల. ఆ మాట అబద్ధమని తేలితే ఆ టీచరు పిల్లల్ని ఇంకెప్పుడూ గడప తొక్కనియ్యరు. "తెలుగోళ్ళకు ఈడ చోటెందుకు, చిత్తూరుకు పొమ్మను అనేదానికి వాళ్ళు సాకు కోసరం కాచుకోని ఉండారు" అని మీనాక్షమ్మకు గట్టి నమ్మకం. నమ్మకాలంటే ఇట్లాంటివే ఉండేవి ఆమెకు.

ఆమె దగ్గిర నేర్చుకునే పిల్లల్లో దేవకి ఒకతి. దాని నాయన కుప్పన్ మేస్త్రీ, అమ్మ జయ. ఇండ్లు కట్టే పనోళ్ళు. తెలుగే మాట్లాడతారు, ఏటి పక్కన గుడిసెల్లో ఉంటారు, పని యాడుంటే ఆడికి మూట కట్టుకోని పోతారు. కిందటేడు వానకు మీనాక్షమ్మ ఇంటి పెరటిగోడ పడిపోతే వాళ్ళే వచ్చి లేపినారు. అప్పుడే దేవకి సున్నం గంప దించి, వసారాలో పిల్లలు కుట్టేది చూస్తా నిలబడిపోయింది. జయ అది చూసి, "అమ్మా, మా పాపకు గూడా సూది పట్టేది చూపిచ్చమ్మా. ఇది గూడా మా మాదిరి ఎండలో మాడిపోకూడదు" అని కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. ఇంట్లో ఏ సామాను యాడుండాదో చూసుకునే ఎత్తేమో అని మీనాక్షమ్మకు మొదట అనుమానమొచ్చింది. గోడ మళ్ళీ పడితే రావాల్సింది వీళ్ళే గదా అని ఆలోచించుకోని, "సరి, రానీ. వాకిలి పక్కన కూర్చోవాల" అనింది.

పిల్ల అణకువగా ఉండేది గానీ పని అంతంతమాత్రం. వసారాలో కూర్చున్నంతసేపూ కుట్టు వంకర పోయేది, దారం చిక్కుపడేది. "ఇంటికాడ సరిచేసుకోనొస్తానమ్మా" అని తీసుకోని పోయేది. మరుసటి దినానికి కొంచెం బాగుండేది. మీనాక్షమ్మ అది గమనించకపోలేదు. గోడలు కట్టేవాళ్ళ పిల్ల మీద అంతకంటే అనుమానం ఖర్చు పెట్టేది దండగ అనుకోని ఊరకుండిపోయింది.

కార్తీకంలో ముసురు పట్టి వసారా అంతా చీకటి కమ్మితే, "మాదిరిగుడ్డలు ఇండ్లల్లోనే కుట్టుకోని రాండి" అని పిల్లల్ని పంపేసింది. వాన తెరిపిచ్చినాక ఒక్కొక్కరే తెచ్చినారు. మొదట పుష్పవల్లి గుడ్డ చూసింది. పుష్పవల్లి పక్కింటి పంకజమ్మ కూతురు. పంకజమ్మ మొగుడిది పప్పూఉప్పూ అమ్మే మళిగె అంగడి, ఆ వీధిలో ఆమె మాట అంటే మాటే. గుడ్డ సుమారుగా బాగుండాది. మిగతా పిల్లలవి ఒక్కొక్కటే తిరగేసి, "ఇది కుట్టా, ఎలక కొరికిందా?" అని తిడతా వచ్చి, కడాకు దేవకి గుడ్డ తీసుకునింది.

తిరగేసింది. వెనకవైపు ముందువైపు మాదిరే ఉండాది. ఒక్క ముడి బయటికి కనబడదు. పూలతీగలో ఆకులు ఇప్పుడే చిగురేసినట్టు ఉండాయి. తాను కుట్టినా ఇంత బాగా రాదని మనసులో ఒక ముల్లు గుచ్చుకునింది. కండ్లద్దాలు సవరించుకోని గుడ్డను వెలుతురుకు పట్టింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. కాడ కుట్టు మెలి అటు తిరగాల్సింది ఇటు తిరిగిండాది. అంచు కుట్టు గూడా అంతే. అందరి పిల్లలదీ ఒక పక్కకు వాలితే, దీనిది రెండో పక్కకు వాలిండాది. ఎడంచేత్తో సూది పట్టేవాళ్ళు కుడితే తప్ప అట్ట రాదు.

"దేవకీ, ఇది ఎవురు కుట్టినారు?"

"నేనే కుట్టినానమ్మా."

"సత్యంగా?"

"సత్యంగా అమ్మా."

"అట్టనా? అయితే ఇట్ట వచ్చి కూర్చో. నా కండ్ల ముందర ఒక్క ఆకు తియ్యి."

దేవకి కూర్చునింది. సూది కుడిచేతిలోకి తీసుకునింది. పిల్లలంతా చుట్టూ మూగినారు. ఆకు రాలేదు, పిసికేసిన చింతపండు మాదిరి ఏదో వచ్చింది. పుష్పవల్లి కిసుక్కుమని నవ్వింది.

"చూసినారా మే!" అనింది మీనాక్షమ్మ. ఆమెకు లోపల ఒక సంతోషం పొంగింది. అనుమానించింది నిజమైతే ఆమెకు కడుపు నిండిపోయేది. "ఎవతో పుర్రచెయ్యిదాని చేత కుట్టించుకోని వచ్చి, నేనే కుట్టినానని నా ముందర సత్యం చేస్తావా? పేరు చెప్పు, విడిచిపెడతా."

దేవకి నోరు తెరిచింది. చుట్టూ ఉన్న పిల్లల్ని చూసింది. మళ్ళీ మూసుకునింది. కండ్లల్లో నీళ్ళు కారతా ఉంటే తుడుచుకోను గూడా చెయ్యెత్తలేదు. "ఎవురూ కుట్టియ్యలేదమ్మా" అని మాత్రం అనింది.

"లేచి పో. వేలూరుకు పుష్పవల్లిని పిలుచుకోని పోతా. నీకోసరం నేను దొంగ మాట చెప్పను."

ఆ సందేళ జయ వచ్చింది. మెట్టు ఎక్కకుండా వీధిలోనే నిలబడింది. "నా బిడ్డ దొంగది కాదమ్మా. ఈ అమావాస్య పోతే మేము జోలార్పేట పోతా ఉండాము, రైలోళ్ళ ఇండ్లు కట్టేదానికి. పాపను నువ్వు వేలూరులో చేర్చినావంటే దాని బతుకు బాగుపడతాది. లేదంటే ఇంక గంప ఎత్తాల్సిందే."

"అయితే ఆ గుడ్డ కుట్టినామెను పిలుచుకోని రా."

జయ ఆమె మొగంలోకి సూటిగా చూసింది. ఏదో చెప్పబోయింది. "నీతో చెప్పేదానికి మాకు నోరు లేదులేమ్మా" అని వెళ్ళిపోయింది. చూసినావా, పెద్ద గూడుపుఠాణీనే నడస్తా ఉండాది అనుకునింది మీనాక్షమ్మ.

ఇంక ఆమెకు నిద్ర పట్టలేదు, అన్నం సయించలేదు. అంత బాగా కుట్టే పుర్రచెయ్యి మనిషి ఈ చుట్టుపక్కల ఎవురు? పట్టుకోవాల. ఎట్ట పట్టుకునేది? ఎవురూ ఎడంచేత్తో తినరు, ఎడంచేత్తో ఇయ్యరు. ఎడంచెయ్యి వాటం ఉన్నా దాచుకోనుంటారు. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. ఉన్నట్టుండి మీదికేదైనా విసిరితే, మనిషి ఆలోచించకముందే వాటమైన చెయ్యి లేస్తాది గదా! సంచిలో నిమ్మకాయలు వేసుకోని బయలుదేరింది. బజారువీధి ఆడవాళ్ళు నీళ్ళ కొళాయి కాడా, అంగళ్ళ కాడా, ఇండ్ల వాకిళ్ళలో నిలబడి మాట్లాడుకుంటా ఉంటే, "ఇదో, పట్టుకో!" అని ఒక నిమ్మకాయ విసిరేది. కొందరు పట్టుకున్నారు, కుడిచేత్తో. కొందరు తిట్టినారు, అది ఏ చేత్తోనో చెప్పను కాదు. పాపం ఈమెకు మతి చలించిందని పంకజమ్మ వీధంతా చెప్పుకోని వచ్చింది.

పేర్ణాంబట్టులో కమలాక్షి అని ఇంకొకామె కుట్టు నేర్పేది. ఇది కచ్చితంగా దాని పనే, నా పేరు చెడగొట్టేదానికి చేసిన పని అని మీనాక్షమ్మ బస్సెక్కి పేర్ణాంబట్టు పోయింది. కమలాక్షి "రా అక్కా, రా రా" అని వాకిట్లోకి రాంగానే విసిరింది నిమ్మకాయ. అది ఆయమ్మ నడినెత్తిన తగిలింది. "అయ్యయ్యో! చేతబడి! నట్టింట్లోకే వచ్చి చేతబడి చేస్తా ఉండాది!" అని కమలాక్షి వీధిలోకి ఉరికింది. వీధి వీధంతా లేచింది. మీనాక్షమ్మ చెప్పులు చేత పట్టుకోని బస్టాండు దాకా పరుగెత్తింది. అప్పట్నుంచి నిమ్మకాయలు మానేసి జామకాయలు పెట్టుకునింది సంచిలో.

కడాకు అనుమానం జయ మీదికే పోయింది. ఇంకెవురు? ఆ సున్నం మోసే చేతులు పట్టుదారం పట్టగలవా అని ఒక మనసు, ఏమో ఎవురు కనిపెట్టినారు అని ఒక మనసు. బీడీ ఆకుల గోడౌను గోడ కడతా ఉండారని విని, ఒక పొద్దున ఏటి పక్కకు పోయింది. కుప్పన్ సారువ మీద నిలబడి ఇటికలు పేరస్తా ఉండాడు. జయ సున్నం గంప నెత్తికెత్తుకోని వస్తా ఉండాది. దాని వెనక దేవకి ఇటికల కుప్ప కాడ నడుము వంచుకోని ఉండాది. మీనాక్షమ్మ ఇసక కుప్ప చాటునుంచి బయటికొచ్చి, "జయా, ఇదో పట్టుకో!" అని విసిరింది.

జయ రెండు చేతులూ గంప మీదనే ఉండాయి. కాయ దాని బుజం పక్కగా పోయింది. వెనకనుంచి దేవకి చెయ్యి లేచింది. తలెత్తి సరిగ్గా చూడను గూడా లేదు, గాల్లోనే టక్కున పట్టుకునింది. ఎడంచెయ్యి.

పట్టుకున్నాక తలెత్తి మీనాక్షమ్మను చూసింది. కాయ జారవిడిచి, చెయ్యి వీపు వెనక దాచుకునింది. ఆ దాచుకోవడంతో మీనాక్షమ్మకు అంతా తెలిసిపోయింది.

"చెయ్యి ఇట్ట ఇయ్యి" అనింది. పిల్ల ఇయ్యలేదు. దగ్గిరకు పోయి తానే పట్టుకోని వెలుతురుకు తిప్పింది. నడిమేలు కొసన, సూది వెనక కొసను ఒత్తి ఒత్తి పడిన గుంట. తోలు గట్టిపడి కాయ కాసిపోయింది. తన కుడిచేతి నడిమేలుకు గూడా అట్లాంటిదే ఉండాది. అది ఎంత కుడితే పడతాదో ఆమెకు తెలుసు.

అయినా మీనాక్షమ్మ మీనాక్షమ్మే గదా. కండ్లతో చూసినా నమ్మకుండా, సంచిలోనుంచి సూది దారం తీసి, ఆడనే ఇసక కుప్ప మీద కూర్చోబెట్టి, "తియ్యి ఒక ఆకు" అనింది. దేవకి సూది ఎడంచేతిలోకి మార్చుకునింది. ఆకు వచ్చింది. అట్లాంటి ఆకే, చిగురేసినట్టు.

"ఎందుకే చెప్పకపోతివి?" అనింది మీనాక్షమ్మ.

జయ గంప దబ్బున కిందికి దించింది. "చెప్తే ఉంచుకోనుంటివా? పుర్రచెయ్యి పిల్లయితే గొంతు పట్టి మెట్లు దింపుతానని మొదటి దినమే చెప్పినావంట గదా! మా పనిలో పుర్రచెయ్యోడంటే పిలిచి మరీ పనిస్తారమ్మా. మూల కట్టేటప్పుడు కుడిచెయ్యోడికి చెయ్యి తిరగని పక్క ఒకటుంటాది, ఆ పక్క వాడే చెయ్యాల. మా పాప నాయనది గూడా ఆ చెయ్యే. నీ పెరటిగోడ లేపింది గూడా ఆ చెయ్యే. ఇప్పుడు పోయి పడదోసుకో!"

ఒకరు తన మొగం మీద ఇంత మాట అంటే ఊరకుండే మనిషి కాదు మీనాక్షమ్మ. ఆ పొద్దు ఊరకుండింది. సిగ్గయింది ఆమెకు, ఒట్టి సిగ్గు. పిల్లను అందరి ముందరా దొంగది అనింది. అది నిజం చెప్తే వెళ్ళగొట్టేటట్టు, చెప్పకపోతే దొంగదయ్యేటట్టు తానే కట్టి పెట్టింది శాసనం. ఇంటికి నడిచిపోతా ఉంటే సిగ్గు వెనకాలే భయం గూడా వచ్చింది. వేలూరులో మాటియ్యాలంటే అందరి ముందరా నిజం చెప్పాల. కూతురి వెంట పంకజమ్మ గూడా ఆడనే ఉంటాది. ఆమెకు తెలిస్తే మరుసటి దినమే వసారాలో చాప పరిచే పని ఉండదు. ఈ వయసులో పోయి మరిది శేషాచలం గడప కాడ నిలబడాల్నా?

దోవ సగం పోయి, మళ్ళీ వెనక్కు తిరిగొచ్చింది. "బుధవారం వేలూరు పోయే మొదటి బస్సుకు పాపను పంపించు. తల దువ్వి, ఉతికిన పావడ కట్టి పంపించు" అని జయతో చెప్పి, ఆమె జవాబుకు గూడా నిలవకుండా వెళ్ళిపోయింది.

బుధవారం బస్సులో దేవకిని చూసి పంకజమ్మ కండ్లు చిట్లించింది. "ఇదెందుకు వస్తా ఉండాది? దొంగది అంటివి గదా?"

"నేను అన్నది తప్పు."

"ఎట్ట తప్పు?"

"తప్పంటే తప్పే. కిటికీ వెయ్యి, దుమ్ము వస్తా ఉండాది."

కాట్పాడి దాటి పాలారు వంతెన ఎక్కేదాకా పంకజమ్మ మీనాక్షమ్మనూ దేవకినీ మార్చి మార్చి చూస్తానే ఉండింది. ఏదో దాస్తా ఉండారు, ఏదో ఉండాది అని ఆమె మొగం మీదనే రాసిండాది. ఆ చూపు కింద కూర్చోను మీనాక్షమ్మకు ముండ్ల మీద కూర్చున్నట్టుండింది. దేవకి అయితే మడిచిన మాదిరిగుడ్డను ఒడిలో పెట్టుకోని, రెండు చేతులూ దాని కింద దాచుకోని కూర్చునింది.

వేలూరులో ఒక పెద్ద గదిలో పిల్లల్ని చూస్తా ఉండారు. చూసేది నెరిసిన తలతో ఒక అరవ పెద్దమ్మ. తెలుగు గూడా బాగానే వచ్చు. పుష్పవల్లిది చూసి, ఒక వరస కుట్టించుకోని, ఇది పరవాలేదు, తరవాత చెప్తామనింది. దేవకి గుడ్డ చేతికి రాంగానే ఆమె గూడా తిరగేసింది.

పెద్దమ్మ చానాసేపు చూసింది. "ఈ పిల్ల ఇప్పుడు నా ముందర పేరు రాసింది కుడిచేత్తో. ఈ గుడ్డ కుట్టింది ఎడంచెయ్యి." తలెత్తి మీనాక్షమ్మను చూసింది. "ఎవరమ్మా కుట్టిచ్చింది? నువ్వేనా?"

ఆ చూపు మీనాక్షమ్మకు బాగా తెలుసు. పాలవాని మీదా, కూరగాయలామె మీదా, ఊరందరి మీదా ఆమె వేసిన చూపే. తన మీద పడితే ఇంత మంటగా ఉంటాదని మాత్రం ఎప్పుడూ తెలుసుకోలేదు. "కాదమ్మా, ఈ పిల్ల సొంతచేతి పనే. నేను మాటిస్తా ఉండా" అనింది.

"మాటలు అందరూ ఇస్తారు. గుడియాత్తం నుంచి ఇట్లాంటి మాటలు ముందు గూడా విన్నాం." పెద్దమ్మ సూది దారం దేవకి ముందరికి నెట్టింది. "కుట్టు చూద్దాం."

దేవకి సూది వైపు చూసింది. గోడ పక్కన నిలబడిన పంకజమ్మ వైపు చూసింది. కుడిచెయ్యి చాపింది.

మీనాక్షమ్మ చూస్తా ఉండాది. మొదటి కుట్టు వంకర పోయింది. రెండోదీ పోయింది. పెద్దమ్మ పెదవి బిగించి గుడ్డ మడవబోయింది. ఇంక కొంచెం సేపు ఊరకుంటే చాలు. దేవకి జోలార్పేటకు పోతాది, వసారాలో చాప యథాప్రకారం పరుచుకోవచ్చు. ఎవురికీ ఏమీ తెలియదు.

"దేవకీ!" అనింది. గొంతు అంత గట్టిగా వస్తాదని ఆమెకే తెలియదు. "ఎడంచేత్తో కుట్టమ్మా. నేనే చెప్తా ఉండా. ఎడంచేత్తో కుట్టు."

"శివశివా!" అనింది పంకజమ్మ. "అయితే మా పూజ గదికి మీ పిల్లలు కుట్టిచ్చిన తెర? అది గూడా ఈ చెయ్యే కుట్టిందా?"

"కుట్టే ఉంటాది. అందుకే బాగుండాది. ఇంటికొచ్చినోళ్ళందరికీ నువ్వే గదా చూపించుకుంటివి!"

"ఇంక మా పిల్ల నీ మెట్టెక్కదు. వీధిలో ఏ పిల్ల ఎక్కుతాదో నేనూ చూస్తా" అని పంకజమ్మ పుష్పవల్లి రెక్క పట్టుకోని ఈడ్చుకుంటా బయటికి పోయింది. ఆమె అన్నంత పనీ చేస్తాదని మీనాక్షమ్మకు తెలుసు. గోడకు ఆనుకోని నిలబడింది.

దేవకి సూది చెయ్యి మార్చుకునింది. పెద్దమ్మ వంగి చూస్తా చూస్తా, కండ్లద్దాలు తీసి తుడుచుకోని మళ్ళీ పెట్టుకోని చూసింది. ఆకు పక్కన ఆకు, ఆ పక్కన మొగ్గ. "చాలు పాపా, చాలు" అనింది కడాకు. "పై వారం పెట్టె సర్దుకోని వచ్చెయ్యి. నీకు చోటుండాది."

మీనాక్షమ్మకు అప్పటికి ఊపిరొచ్చింది. పోతే పోయింది వసారా, పిల్ల మాత్రం గట్టున పడింది. తన చేతి కింద నేర్చుకున్న పిల్ల వేలూరులో టీచరవతాది. ఆ ఒక్క మాటతో ఎన్నేండ్లయినా బతకొచ్చు అనిపించి, పైట సవరించుకోని నిటారుగా నిలబడింది.

పెద్దమ్మ గుడ్డ మడిచి పక్కన పెట్టుకుంటా, దేవకిని నవ్వుతా అడిగింది. "ఎడంచెయ్యంటే ఏ ఇంట్లోనైనా కొట్టి మాన్పిస్తారే! ఈ చేత్తో కుట్టేది నీకు ఎవరు నేర్పించినారు?"

"మా అమ్మ" అనింది దేవకి.

"మీ అమ్మకు కుట్టుపని వచ్చునా?"

"రాదమ్మా. సున్నం మోస్తాది. సూదిలో దారం ఎక్కించను గూడా రాదు. నీకు ఏ చెయ్యి తిరిగితే ఆ చేత్తోనే కుట్టు పాపా అనింది. నేను కుట్టినంతసేపూ గుడిసె వాకిట్లో కాపలా కూర్చునేది."

"కాపలా ఎందుకు? ఎవరొస్తారని?"

దేవకి తల వంచుకునింది. చెప్పాల్నా వద్దా అన్నట్టు గుడ్డ అంచును వేళ్ళతో నిమిరింది. "మా టీచరమ్మ వస్తాదేమో అని."

పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. మీనాక్షమ్మ వైపు తిరిగి, "నిజమేనా అమ్మా?" అని అడిగింది.

మీనాక్షమ్మ ఆ గుడిసె వాకిట్లో జయ కూర్చోనుండగా ఎప్పుడూ చూసింది లేదు. అయినా సాక్షిని అడగలేదు, మళ్ళీ గుచ్చి ప్రశ్న వెయ్యలేదు.

"నిజమేనమ్మా" అనింది. "నాకు భయపడే."